మా నాన్న ఫుల్ ఫ్రీడం ఇచ్చారు

పోయిన నెల మన క్లబ్ మీటింగ్‌లో టాపిక్ "స్వేచ్ఛ". ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు మాట్లాడాలి. మీలో కొంతమంది ఆ రోజు ఉన్నారు కాబట్టి గుర్తుండే ఉంటుంది. అమ్మాయిలం తొమ్మిది మందిమి మాట్లాడితే, అందులో ఏడుగురం దాదాపు ఒకే వాక్యంతో మొదలుపెట్టాం: "మా ఇంట్లో నాకు ఫుల్ ఫ్రీడం ఇచ్చారు." ఆ ఏడుగురిలో నేనూ ఉన్నాను. అబ్బాయిలు బ్రిటిష్ వాళ్ళ గురించి, మాట్లాడే హక్కు గురించి, ఇష్టం లేని బ్రాంచ్‌లో చేర్పించిన నాన్నల గురించి మాట్లాడారు. వాళ్ళలో ఒక్కరు కూడా "ఇచ్చారు" అనే మాట వాడలేదు.

అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. ఇంటికి వెళ్ళడానికి అనకాపల్లి బస్సు ఎక్కి కూర్చున్నాక ఆ మాట బుర్రలో తిరగడం మొదలైంది. మా నాన్న నాకు ఫోన్ ఇచ్చారు, స్కూటీ ఇచ్చారు, లాప్‌టాప్ ఇచ్చారు. అదే లిస్టులో ఫ్రీడం కూడా ఇచ్చారు. మరి మా తమ్ముడికి ఎవరు ఇచ్చారు? వాడికి ఎవరూ ఇవ్వలేదు. వాడి దగ్గర ముందు నుంచీ ఉంది.

ఈ వ్యాసం ఆ ఒక్క క్రియాపదం గురించే. ఫెమినిస్టు ఫిలాసఫీ అనగానే భయపడకండి. నేనూ ఇంగ్లీష్ మీడియం బ్యాచే, తెలుగు నవల పూర్తిగా చదవడం ఇదే మొదటిసారి. ఓల్గా "స్వేచ్ఛ" చదవడానికి నాకు మూడు వారాలు పట్టింది. కొన్ని పేజీలు అమ్మ పైకి చదివి పెట్టింది. ఆ చదవడంలోనే ఇంకో విషయం బయటపడింది, అది తర్వాత చెప్తాను.

గేటు తెరిచి ఉంటే చాలా?

ముందు కాస్త థియరీ. 1958లో ఆక్స్‌ఫర్డ్‌లో ఐజయా బెర్లిన్ అనే ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చాడు. స్వేచ్ఛ గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆయన చెప్పింది సింపుల్‌గా ఇది: స్వేచ్ఛ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, నన్ను ఎవరూ ఆపకపోవడం. రెండోది, నా జీవితానికి నేనే యజమాని కావడం.

హాస్టల్ గేటు ఉదాహరణ తీసుకుందాం. రాత్రి ఎనిమిదింటికి గేటు తాళం వేస్తే మొదటి రకం స్వేచ్ఛ లేనట్టే. సరే, తాళం తీసేశారు అనుకుందాం. చేతిలో డబ్బుల్లేవు, బస్సు లేదు, రోడ్డు మీద లైట్లు లేవు, బయటికి వెళ్తే ఎవరేమనుకుంటారో అని చిన్నప్పటి నుంచి లోపల పెరిగిన భయం ఒకటి ఉంది. గేటు తెరిచే ఉంది గానీ నేను మాత్రం గదిలోనే ఉంటాను. అంటే రెండో రకం ఇంకా రాలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ నా సమస్య ఈ రెండింట్లోనూ ఇమడలేదు. నన్ను మా ఇంట్లో ఎవరూ ఆపడం లేదు. డబ్బులు అడిగితే ఇస్తారు. స్కూటీ ఉంది. నాకు పెద్దగా భయమూ లేదు. అయినా ఆ "ఇచ్చారు" ఎందుకు గుచ్చుకుంటోంది?

ఓనర్ ఎవరు, ఎడిటర్ ఎవరు

దానికి జవాబు ఫిలిప్ పెటిట్ అనే తత్వవేత్త దగ్గర దొరికింది. 1997లో వచ్చిన ఆయన పుస్తకం పేరు "రిపబ్లికనిజం". ఆయన వాదన: నన్ను ఇప్పుడు ఎవరైనా ఆపుతున్నారా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు. తలుచుకుంటే ఆపగలిగే అధికారం ఎవరి చేతిలోనైనా ఉందా అన్నది ప్రశ్న. చాలా మంచి యజమాని దగ్గర ఒక బానిస ఉన్నాడు అనుకోండి. యజమాని కొట్టడు, తిట్టడు, ఎక్కడికి వెళ్తానన్నా సరే అంటాడు. బెర్లిన్ మొదటి లెక్క ప్రకారం ఆ బానిసకి బోలెడంత స్వేచ్ఛ ఉన్నట్టే. కానీ వాడు రోజూ పొద్దున్నే యజమాని మొహం చూసి, ఈ రోజు మూడ్ ఎలా ఉందో కనిపెట్టి బతకాలి. పెటిట్ దీన్ని ఆధిపత్యం అంటాడు. ఆధిపత్యం లేకపోవడమే స్వేచ్ఛ అంటాడు.

మన భాషలో చెప్పాలంటే గూగుల్ డాక్ లాంటిది. ప్రాజెక్టు రిపోర్టులో నీకు ఎడిట్ యాక్సెస్ ఉంది. మొత్తం నువ్వే టైప్ చేస్తున్నావు, ఎవరూ అడ్డు రావడం లేదు. కానీ ఓనర్ వేరే వాడు. వాడికి కోపం వస్తే సబ్మిషన్ ముందు రోజు రాత్రి నీ యాక్సెస్ తీసేయగలడు. తీసేయకపోవచ్చు, మంచివాడే కావచ్చు. అయినా నువ్వు వాడితో మాట్లాడేటప్పుడు నీ గొంతు కొంచెం వేరేగా ఉంటుంది. నాన్నతో మాట్లాడేటప్పుడు నా గొంతు అలాగే ఉంటుంది. ముందు టీ ఇచ్చి, ఆయన టీవీలో మ్యాచ్ గెలిచారా ఓడారా చూసుకుని, అప్పుడు అడుగుతాను.

పెటిట్ ఈ విషయం చెప్పడానికి ఇబ్సెన్ 1879లో రాసిన నాటకం "ఎ డాల్స్ హౌస్"లోని నోరాని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆమె భర్త ఆమెని ముద్దుగానే చూసుకుంటాడు, చిన్న చిన్న కోరికలు తీరుస్తాడు. కానీ ఆ కాలపు చట్టం, ఆ కాలపు సమాజం అధికారమంతా అతని చేతిలో పెట్టాయి. ఆమెకి ఉన్నదంతా అతని దయ వల్ల ఉన్నదే. నిజానికి ఈ మాట ఆడవాళ్ళు ఇంకా ముందే చెప్పారు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లోనే, ఇంకొకరి ఇష్టాయిష్టాల మీద ఆధారపడి బతికే మనిషి మంచిగా కూడా ఎదగలేదు, ఎప్పుడూ మెప్పించే తెలివితేటలే నేర్చుకుంటుంది అని వాదించింది. టీ ఇచ్చి అడగడం అంటే ఏంటో ఆవిడకి బాగా తెలిసినట్టుంది.

మన జిల్లాలో పుట్టిన ఒకాయన

ఇదంతా ఫారిన్ గొడవ కదా అనుకోకండి. మన అనకాపల్లి జిల్లాలోనే ఎస్. రాయవరం ఉంది. గురజాడ అప్పారావు పుట్టింది అక్కడే, 1862లో. కన్యాశుల్కం అంటే గిరీశం డైలాగులు మాత్రమే తెలిసిన బ్యాచ్‌లో నేనూ ఒకదాన్ని. ఈసారి దానికి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట చదివాను. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం తీసుకుని చేసిన పెళ్ళిళ్ళ లిస్టు తీయిస్తే, మూడేళ్ళలో 1,034 తేలాయి. ఆ పిల్లల్లో 99 మంది వయసు ఐదేళ్ళు. ముగ్గురి వయసు ఒక్క ఏడాది.

మన ఊరు కూడా ఆ విశాఖపట్నం జిల్లాలోదే. ఏడాది పిల్లకి పెళ్ళి. అక్కడ స్వేచ్ఛ గురించి మాట్లాడటానికి ఏమీ లేదు, అది అమ్మకం. అందుకే ఆ తరం సంస్కర్తలు ముందు ఆపాల్సిన వాటిని ఆపడం మీద పెట్టారు దృష్టంతా. అది చిన్న పని కాదు.

కానీ నాటకం ఇంకోసారి చదివితే నాకు బుచ్చమ్మ దగ్గర ఆగాలనిపించింది. చిన్న వయసులోనే భర్త పోయిన అమ్మాయి. గిరీశం మాయమాటలు చెప్పి ఆమెని ఇంట్లోంచి తీసుకెళ్తాడు. చివరికి సౌజన్యారావు పంతులు మంచి మనసుతో ఆమెని పూనాలో వితంతు శరణాలయానికి పంపించే ఏర్పాటు చేస్తాడు. ఒకడు మోసగాడు, ఇంకొకాయన నిజంగా పెద్దమనిషి. ఇద్దరికీ చాలా తేడా ఉంది. కానీ బుచ్చమ్మ ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించింది మాత్రం ప్రతిసారీ వేరేవాళ్ళే. చెల్లెలు సుబ్బి సంగతీ అంతే. నాటకమంతా ఆమె పెళ్ళి చుట్టూ తిరుగుతుంది, నిర్ణయాలు మాత్రం తండ్రివి, మేనమామవి, ఊరి పెద్దలవి. గురజాడకి ఇది తెలియక కాదు, ఆ కాలం అలా ఉందని చూపించడమే ఆయన పని అనుకుంటాను.

దాని తర్వాత 1927లో చలం "మైదానం" వచ్చింది. అందులో రాజేశ్వరి అమీర్ కోసం తనంతట తానే భర్తని వదిలి వెళ్ళిపోతుంది. ఎవరూ తీసుకెళ్ళలేదు, ఎవరూ పంపలేదు. అందుకే అప్పట్లో అంత గొడవ అయింది. ఆడదానికి కూడా సొంత కోరిక ఉంటుందని చలం గట్టిగా చెప్పాడు. కానీ ఇంటి గోడ దాటాక ఎలా బతకాలి, అక్కడ అధికారం ఎవరిది అన్న ప్రశ్న మిగిలిపోయింది. ఆ ప్రశ్న తీసుకుంది ఓల్గా.

అరుణకి ఏం తక్కువ?

ఓల్గా అసలు పేరు పోపూరి లలితకుమారి. 1950లో గుంటూరు జిల్లాలో పుట్టారు, తెనాలిలో కాలేజీ లెక్చరర్‌గా పనిచేశారు. "స్వేచ్ఛ" నవల 1987లో వచ్చింది. మన పేరెంట్స్ స్కూల్లో ఉన్న టైం అన్నమాట.

కథ గురించి ఎక్కువ చెప్పను, మీరు చదవాలి. హీరోయిన్ అరుణ. పుట్టింట్లో ప్రతి దానికీ అడ్డు. చదువుకుని, ప్రేమించినవాడినే పెళ్ళి చేసుకుంటే స్వేచ్ఛ దొరుకుతుందని ఆశపడుతుంది. అవన్నీ జరుగుతాయి కూడా. చదువుంది, ఉద్యోగం ఉంది, ఇష్టపడి చేసుకున్న భర్త ఉన్నాడు. అతను తాగుబోతు కాదు, శాడిస్టు కాదు. మన సీరియల్స్‌లో లాంటి విలన్ ఈ నవలలో లేడు. అయినా చివరికి అరుణ ఆ ఇంట్లోంచి బయటికి వస్తుంది.

నేను చదువుతుంటే మధ్యలో చిరాకు వచ్చింది. "ఇంకేం కావాలి ఈవిడకి?" అనిపించింది. అమ్మ కూడా అదే అంది. తర్వాత అర్థమైంది, రచయిత్రికి కావాల్సింది ఆ చిరాకే. భర్త దుర్మార్గుడైతే తప్పు ఆ మనిషిది అయిపోతుంది, మనం ఊపిరి పీల్చుకుంటాం. భర్త మంచివాడైనప్పుడు కూడా ఏదో తప్పుగా ఉందంటే, ఆ తప్పు మనిషిలో కన్నా ఏర్పాటులో ఉందన్నమాట. ఎక్కడికి వెళ్ళాలి, ఎవరితో మాట్లాడాలి, సాయంత్రాలు దేనికి వాడుకోవాలి, ఇవన్నీ భర్త ఒప్పుకుంటేనే జరుగుతాయి. ఒప్పుకున్నంతకాలం ఆ ఒప్పుకోవడం కనిపించదు. ఒప్పుకోని రోజున కనిపిస్తుంది. పెటిట్ పుస్తకం రావడానికి పదేళ్ళ ముందే ఇది తెలుగులో వచ్చేసింది.

అమ్మ సంతకం

ఇప్పుడు అమ్మ విషయం. ఒక రాత్రి నవల చదువుతూ చదువుతూ అమ్మ ఆపేసి, "నాకూ ఒక సంతకం ఉంది" అంది.

మా తాతగారిది మన జిల్లాలోనే ఒక పల్లె. పిత్రార్జితం కొంత చెరకు భూమి ఉంది. బెల్లం వండి అనకాపల్లి మార్కెట్ యార్డుకి తెచ్చేవారు. ఆయన పోయాక, నా ఎనిమిదో ఏట, అమ్మ ఆ భూమిలో తన వాటా వదులుకుంటూ హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టింది. ఆ రోజు నాకు లీలగా గుర్తుంది. రిజిస్ట్రార్ ఆఫీసు బయట మామయ్య నాకు కూల్‌డ్రింక్ కొన్నాడు. అమ్మకి పట్టుచీర పెట్టారు. వచ్చేటప్పుడు ఒక బెల్లం దిమ్మ కూడా ఇచ్చి పంపారు.

ఇక్కడ చట్టం కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో మన రాష్ట్రానికి చరిత్ర ఉంది. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులకి పుట్టుకతోనే వాటా ఉండేది, కూతుళ్ళకి ఉండేది కాదు. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. దాంతో కూతురికి కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్ళైపోయిన వాళ్ళకి మాత్రం వర్తించదన్నారు. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర మన తర్వాతే ఇలాంటి సవరణలు చేశాయి. దేశమంతటికీ ఇది 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది కూడా అవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది.

ఇందులో నాకు నచ్చిన మాట "పుట్టుకతో". ఎవరూ ఇవ్వక్కర్లేదు. ఓనర్ యాక్సెస్ అన్నమాట. మా అమ్మ పెళ్ళి 1985 తర్వాత చాలా ఏళ్ళకి అయింది. అంటే చట్టం ప్రకారం ఆమె భూమి ఆమెదే. మరి సంతకం ఎందుకు పెట్టింది?

అడిగాను. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"ఎవరైనా బలవంతం చేసేరా అమ్మా?"

"బలవంతం ఏటే? నాకు నేనే పెట్టేను. రేపు మీ పెళ్ళిళ్ళకీ, పండగలకీ నాకంటూ ఒక పుట్టిల్లు ఉండాలి కదా."

"మరి మామయ్యలకి పుట్టిల్లు ఉండాలంటే వాళ్ళేం సంతకం పెట్టేరు?"

అమ్మ నవ్వేసింది. "వాళ్ళకదే ఇల్లు కదేటి!"

ఆ నవ్వు తర్వాత ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఇష్టపడే చేసింది, అయినా

ఇక్కడే సమస్య కష్టమవుతుంది. అమ్మని ఎవరూ ఆపలేదు. చట్టం ఆమె వైపే ఉంది. ఆమె మేజర్, చదువుకుంది, తన ఇష్టంతోనే సంతకం పెట్టానని చెప్తోంది. "నువ్వు ఇష్టపడలేదు, నీకు తెలియదు అంతే" అని నేను అనగలనా? పంతొమ్మిదేళ్ళ కూతురు నలభై దాటిన తల్లికి ఆమె మనసు గురించి క్లాసు పీకడం కూడా ఒక రకం ఆధిపత్యమే కదా.

నాన్సీ హర్ష్‌మన్ అనే ఆవిడ 2003లో "ద సబ్జెక్ట్ ఆఫ్ లిబర్టీ" అని స్త్రీవాద దృష్టితో స్వేచ్ఛ మీద ఒక పుస్తకం రాసింది. ఆమె దారి నాకు ఉపయోగపడింది. ఎంచుకునే మనిషినీ, ఎంచుకోవడానికి ఉన్న దారుల్నీ విడివిడిగా చూడకూడదు అంటుందామె. మనం ఏం కోరుకుంటామో, దేన్ని అసలు ఒక దారిగా గుర్తిస్తామో, అది కూడా మనం పెరిగిన ఇల్లూ ఊరూ తయారు చేసినవే. అది ఆడవాళ్ళకే కాదు, అందరికీ. కాబట్టి "ఆమె ఇష్టపడిందా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఆపేయకూడదు. ఆమె ముందు ఏయే దారులున్నాయి, ఆ దారులు అలా ఎవరి వల్ల ఏర్పడ్డాయి అని కూడా అడగాలి.

అమ్మ ముందు రెండు దారులే ఉన్నాయి. భూమి తీసుకుని పుట్టిల్లు పోగొట్టుకోవడం, లేదా పుట్టిల్లు ఉంచుకుని భూమి పోగొట్టుకోవడం. అందులో ఆమె తెలివైనదే ఎంచుకుంది. నేనైనా అదే చేసేదాన్నేమో. మా మామయ్యలకి మాత్రం ఇలాంటి పరీక్ష ఎప్పుడూ పెట్టలేదు. భూమీ, ఇల్లూ, చెల్లెలి ప్రేమా మూడూ ఒకేసారి ఉంచుకోవచ్చు వాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఇప్పటికీ సంక్రాంతికి మమ్మల్ని పిలవకుండా ఉండరు. తప్పు ఎవరో ఒక మనిషిదైతే నాకు ఈ వ్యాసం రాయడం ఇంకా సులువయ్యేది.

ఇంకొకటి. "మా అమ్మకి ఏ కంప్లైంటూ లేదు" అన్న మాట మీద కూడా నాకు ఇప్పుడు నమ్మకం తగ్గింది. దీనికి కారణం అమర్త్యసేన్ తన రచనల్లో ప్రస్తావించే ఒక సర్వే. 1943 బెంగాల్ కరువు తర్వాత, 1944లో కలకత్తా దగ్గర సింగూరులో భార్య పోయిన మగవాళ్ళనీ, భర్త పోయిన ఆడవాళ్ళనీ మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. ఒంట్లో బాలేదని చెప్పిన మగవాళ్ళు 48.5 శాతం. ఆడవాళ్ళు 2.5 శాతం. ఆ రోజుల్లో, ఆ కరువులో, ఒక వితంతువు ఆరోగ్యం అంత బాగుండి ఉంటుందా? ఉండదు. తన ఒళ్ళు గురించి ఫిర్యాదు చేయొచ్చు అనే ఆలోచనే వాళ్ళకి అలవాటు లేదు. లేనిదానికి మనసు సర్దుకుపోతుంది అంటాడు సేన్. మన ఇళ్ళలో దీన్నే "సర్దుకుపోవాలమ్మా" అంటారు, అది గుణం కింద లెక్క.

కాబట్టి నేను నా కోసం ఒక చిన్న టెస్ట్ పెట్టుకున్నాను. నాకు స్వేచ్ఛ ఉందా అని కాకుండా, మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఇది నాకు ఇచ్చింది ఎవరు, వాళ్ళు వెనక్కి తీసుకోగలరా? నేను వద్దు అంటే నేను పోగొట్టుకునేది ఏంటి? అదే వద్దు మా తమ్ముడు అంటే వాడు పోగొట్టుకునేది ఏంటి? మూడో ప్రశ్న ముఖ్యం. మిగతా రెండూ మనిషి మనిషికీ మారొచ్చు, మూడోది తేడాని చూపించేస్తుంది.

మీరు అడగబోయే ప్రశ్నలు

ఈ డ్రాఫ్ట్ క్లబ్‌లో కొంతమందికి చూపిస్తే రెండు అభ్యంతరాలు వచ్చాయి.

మొదటిది అబ్బాయిల నుంచి: "మాకు మాత్రం ఎక్కడుంది? సీఎస్‌ఈ తీసుకోమన్నది నాన్నే, పెళ్ళికి కట్నం రేటు ఫిక్స్ చేసేదీ వాళ్ళే, ఏడవడానికి కూడా లేదు." నిజమే. ఆ ఏర్పాటులో అబ్బాయిల మీద కూడా బరువుంది. కానీ ఒక తేడా ఉంది. ఇప్పుడు యాక్సెస్ లేకపోయినా, కొన్నాళ్ళకి ఓనర్‌షిప్ మీ పేరు మీదికి మారుతుందని అందరికీ తెలుసు. అమ్మాయి విషయంలో ఓనర్ మారతాడు, నాన్న నుంచి భర్తకి. ఫైలు మాత్రం ఆమె పేరు మీదికి రాదు.

రెండోది ఒక జూనియర్ అమ్మాయి నుంచి: "అక్కా, ఇలా ఆలోచిస్తే చివరికి అందరినీ వదిలేసి ఒక్కదాన్నే ఉండాలి. అది కూడా స్వేచ్ఛేనా?" ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు కూడా ఓల్గా దగ్గరే ఉంది. ఆమె "విముక్త" కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అందులో రామాయణంలోని సీత శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలుస్తుంది. వీళ్ళలో కొందరిని మనకి శత్రువులుగా, కొందరిని పాపం చేసినవాళ్ళుగా నేర్పారు. ఊర్మిళనైతే అసలు మర్చిపోయాం. ఈ కథల్లో ఒక్కొక్కరూ తాము పడ్డదీ, దాన్నుంచి ఎలా లేచిందీ సీతకి చెప్తారు. సీత స్వేచ్ఛ అడవిలో ఒంటరిగా కూర్చుంటే రాలేదు. వేరే ఆడవాళ్ళ మాటల్లోంచి, కొంచెం కొంచెంగా వచ్చింది.

ఈమధ్య ఫిలాసఫీలో కూడా ఇలాంటి ఆలోచనే ఉంది. మనిషి తన నిర్ణయాలు తాను తీసుకోగలగడం అనేది ఒంటరిగా పెరిగే శక్తి కాదు, సరైన సంబంధాల్లోనే అది పెరుగుతుంది అంటారు వాళ్ళు. అంటే సంబంధాలు వదిలేయమని ఎవరూ అనడం లేదు. వద్దు అన్నా కూడా తెగిపోని సంబంధాలు కావాలంటున్నారు. అమ్మకి దొరకనిది అదే. భూమి అడిగినా పుట్టిల్లుగా మిగిలే పుట్టిల్లు.

చివరిగా నా సంగతి

ఇంత రాశాక నేనేం చేశానో చెప్పకపోతే బాగోదు. వచ్చే సమ్మర్‌లో హైదరాబాద్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఒకటి వచ్చింది. పాత పద్ధతిలో అయితే టీ ఇచ్చి, "నాన్నా, పంపిస్తారా?" అని అడిగేదాన్ని. ఆయన "ఇప్పుడెందుకులే, ఫైనల్ ఇయర్‌లో చూద్దాం" అనేవారు. నేను సరే అని, ఫ్రెండ్స్‌కి "మా నాన్న వద్దనలేదు, నేనే మానేశా" అని చెప్పేదాన్ని. ఇలా ఇంతకు ముందు రెండుసార్లు చెప్పాను కూడా.

ఈసారి టీ ఇవ్వలేదు. "నాన్నా, నేను వెళ్దామనుకుంటున్నాను. మీకు ఏం భయమో చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాను. వినడానికి చిన్న తేడానే. చెప్పేటప్పుడు మాత్రం చేతులు చల్లబడ్డాయి. నాన్న కోప్పడలేదు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నిన్ను ఎప్పుడైనా దేనికైనా కాదన్నానా?" అన్నారు. ఆయన గొంతులో బాధ ఉంది. నిజంగానే ఎప్పుడూ కాదనలేదు. అదే కదా సమస్య అని ఆయనకి ఎలా చెప్పాలో నాకు ఇంకా తెలియడం లేదు. పెటిట్ థియరీ నాన్న మొహం చూస్తూ చెప్పేంత ధైర్యం నాకు లేదు, ఆయన్ని బాధపెట్టాలనీ లేదు.

ఇంకా ఏదీ తేలలేదు. కన్ఫర్మ్ చేయడానికి నెలాఖరు వరకు టైం ఉంది.

ఆ మర్నాడు పొద్దున్న నేను కాలేజీకి బయల్దేరుతుంటే అమ్మ క్యారేజీ చేతికిచ్చి, నాన్న వినేలాగే అడిగింది: "హైదరాబాద్‌లో ఆ హాస్టల్‌కి అడ్వాన్స్ ఎంత కట్టాలే?"